గాలి ఎవరి సొత్తు? ఒక మాట చరిత్ర

కొన్నేళ్ల కింద జమ్మలమడుగు వైపు ఒక బడిలో మేము అయిదో తరగతికి తెలుగు చెబుతున్నాం. బోర్డు మీద ‘గాలి’ అని రాసి, ఆ మాటతో సొంత వాక్యం రాయమన్నాం. ‘గాలి చల్లగా వీచింది’ అని కొందరు, ‘గాలిపటం ఎగిరింది’ అని కొందరు రాశారు. వెనక వరసలో కూచున్న యానాది పిల్లవాడు మాత్రం ‘మేము గాలోళ్ళము’ అని రాసుకొచ్చాడు.

ఇదేందిరా అని అడిగాం. “మా నాయనను అట్లే అంటాండారు సార్. ఒగ చోట ఉండరు, గాలోళ్ళు అని” అన్నాడు. తరగతి అంతా నవ్వింది. వాడూ నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. మేమూ యానాదులమే. చిన్నప్పుడు ఆ మాట మా చెవిలోనూ పడింది. అయినా ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. “అది తిట్టు, అట్లా రాయకూడదు, కొట్టేయ్” అన్నాం. వాడు కొట్టేశాడు.

ఇంటికి పోతుంటే మా తప్పు మాకు తెలిసింది. వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదు. వాడు విన్నదే రాశాడు. మనం కొట్టేయించాల్సింది వాడి వాక్యాన్ని కాదు, ఆ మాటకు ఊరు అంటగట్టిన అర్థాన్ని. ఒక మాటకు చెడ్డ అర్థం ఎట్లా వచ్చిందో తెలియాలంటే ఆ మాట ఎక్కడ పుట్టింది, దాని చుట్టాలెవరు, ఎక్కడెక్కడ తిరిగింది అని చూడాలి. ఆ రోజు ఆ పిల్లవాడికి చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

గాలి చుట్టాలు

తెలుగు వ్యాకరణంలో మాటలను తత్సమాలు, తద్భవాలు, దేశ్యాలు అని విడదీస్తారు. ‘వాయువు’ సంస్కృతం నుంచి వచ్చిన తత్సమం. ‘గాలి’ దేశ్యం. ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్నది కాదు. ఈ తేడాను పట్టుకునే మద్రాసు కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఒక పెద్ద వివరణ రాశాడు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని, తమిళం, కన్నడంతో కలిసి వేరే కుటుంబమని అందులో చూపించాడు. 1856లో కాల్డ్వెల్ ఆ కుటుంబానికి ద్రావిడ భాషలు అని పేరు స్థిరపరిచాడు.

ఆ కుటుంబంలో గాలికి ఎంత మంది చుట్టాలున్నారో చూడండి. కన్నడంలో ‘గాళి’. తుళులో ‘గాళి’. తమిళంలో ‘కాట్రు’, వాడుకలో ‘కాత్తు’, పాత కవిత్వంలో ‘కాల్’. మలయాళంలో ‘కాట్టు’. ఆదిలాబాద్ కొండల్లో కొలాములు మాట్లాడే కొలామీలో గాలి గాలే. కొలామీ తెలుగు నుంచి విడిపోయిన యాస కాదు. ద్రావిడ భాషల్లో దాని దారి దానిదే. అంటే రాజుల భాషలు అనిపించుకున్న తమిళం, కన్నడం, తెలుగు ఒక పక్క, లిపి లేదని పక్కన పెట్టిన ఆదివాసీ భాష ఇంకో పక్క, ఒకే మాటను పంచుకున్నాయి. ఆ మాట మనందరి పెద్దల ఇంటిలోనిది.

ఇంకో చుట్టం ఉంది. గోండీలో గాలిని ‘వడి’ అంటారు. తమిళంలో ‘వళి’ అంటే గాలి. వాళ్ళ సిద్ధవైద్యంలో వాతానికి కూడా అదే మాట. ఇది తెలుగులో లేదా అంటే ఉంది. ‘వలి’ అంటే చలి, ‘వలిమల’ అంటే మంచుకొండ, హిమాలయం. పాత కవులు గాలిని ‘కరువలి’ అన్నారు. ‘కరువలిపట్టి’ అంటే గాలి కొడుకు, భీముడు. పండితులు నిఘంటువు చూసి అర్థం చెప్పే ‘కరువలి’ లోని రెండో సగమూ, గోండు తల్లి రోజూ నోటితో అనే ‘వడి’ ఒకే వేరుకు పుట్టిన చిగుళ్ళు. కావ్యాల్లో ఉంటే అచ్చతెనుగు, గూడెంలో ఉంటే మోటుమాట అవుతుందా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. తెలుగులో ‘వడి’ అంటే వేగం కూడా. దాన్ని చూసి గోండీ ‘వడి’తో కలిపేయకూడదు. అట్లాగే వడగాలిలోని ‘వడ’ ఎండ వేడిమి, గాలి కాదు. ఒక మాట చాలా భాషల్లో, ఒకే అర్థంతో, ఒకే తీరు శబ్దమార్పుతో కనిపిస్తేనే చుట్టరికం అంటాం. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో అచ్చువేసిన ద్రావిడ పదాల నిఘంటువు ఈ పద్ధతిలోనే తయారయింది. అందులో తమిళం పక్కనే తోడ, కోత, కొలామీ, గోండీ, కువి మాటలు సమానంగా కూచున్నాయి. ఆదివాసీ మాటకూ రాజాస్థానపు మాటకూ ఒకే పంక్తిలో వడ్డించిన పుస్తకం అది.

మన నేల మీద మొదటి తెలుగు

తెలుగు మొదట రాతికెక్కింది మన చుట్టుపక్కలే. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో, కమలాపురం వైపు ఎర్రగుడిపాడులో దొరికిన రేనాటి చోళుల శాసనాలు క్రీ.శ. 575 ప్రాంతానివి. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో ఇవే మొదటివని చరిత్రకారులు చెబుతారు. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో పాఠం చెప్పే వాళ్ళం ఈ సంగతి గర్వంగా చెబుతాం.

అయితే శాసనం దానం చేసిన రాజు పేరు చెబుతుంది. ఆ రాయిని చెక్కేటప్పుడు పెన్నా గట్టున ఏ గాలి వీచిందో, ఆ గాలిని కూలివాళ్ళు ఏమన్నారో చెప్పదు. అది నోటిలోనే ఉంటుంది. రాత లేని వాళ్ళకు చరిత్ర లేదని అనేవాళ్ళకు మనం చెప్పాల్సింది ఇదే. కలమళ్ళ రాయి వయసు పద్నాలుగున్నర శతాబ్దాలు. తమిళ, కన్నడ, తెలుగు, కొలామీ జనం ఒకే మాటను పంచుకున్నారంటే, వాళ్ళు విడిపోకముందే ఆ మాట ఉన్నట్టు లెక్క. నోటిలో నిలిచిన మాట రాతికంటే చాలా పెద్దది.

వాయువు తిరిగిన దారి

ఇప్పుడు ‘వాయువు’ సంగతి. దాని ధాతువు ‘వా’, అంటే వీచడం. అదే ధాతువు నుంచి ‘వాతం’ వచ్చింది. పారసీకంలో అది ‘బాద్’. లాటిన్‌లో ‘వెంతుస్’, రష్యన్‌లో ‘వేతెర్’, ఇంగ్లీషులో ‘విండ్’. ఇవన్నీ ఒకే కుటుంబం. గోడకు పైన పెట్టే వెంటిలేటర్, ఆసుపత్రిలో ఊపిరి పోసే వెంటిలేటర్ ఆ లాటిన్ మాట నుంచి వచ్చినవే. ‘విండో’ అనే ఇంగ్లీషు మాటకు మూలం పాత ఉత్తర ఐరోపా భాషలో ‘గాలి కన్ను’. సంస్కృతంలో కిటికీకి ‘వాతాయనం’ అని పేరు, అంటే గాలి నడిచే దారి. రెండు చోట్ల మనుషులు కిటికీని చూసి ముందు తలచుకున్నది వెలుతురును కాదు, గాలిని.

పులివెందుల వైపు తాండాల్లో ఉండే మన సుగాలీ బంధువుల గోర్ బోలీ ఈ కుటుంబానిదే. రాజస్థానీ, గుజరాతీలకు అది దగ్గర. గుజరాతీలో గాలిని ‘వాయరో’ అంటారు. ఎరుకల భాష తమిళానికి దగ్గర. మా యానాదులకు వేరే భాష లేదు, మా తీరు తెలుగే. కడప జిల్లాలో ఒకే తరగతి గదిలో ఈ ముగ్గురి పిల్లలూ పక్కపక్కన కూచుంటే, రెండు పెద్ద భాషా కుటుంబాలు ఒకే బెంచీ మీద కూచున్నట్టే. మనం ఆ సంగతి గుర్తించక, ముగ్గురికీ ‘వాయువు’ అనే పర్యాయపదం బట్టీ పట్టిస్తుంటాం.

ప్రొద్దుటూరు బజారులో ఉర్దూ మాట్లాడేవాళ్ళు గాలిని ‘హవా’ అంటారు. ఇది అరబ్బీ మాట. పారసీకం మీదుగా ఉర్దూకు వచ్చింది. నీరు-గాలి అనే అర్థంలో ‘ఆబోహవా’ అంటే శీతోష్ణస్థితి. ఇదే మాట టర్కీలో ‘హవా’, ఆఫ్రికా తూర్పు తీరంలోని స్వాహిలీలో ‘హేవా’. మన పత్రికలు ఎన్నికలప్పుడు ‘ఫలానా పార్టీ హవా’ అని రాస్తాయి. ఎడారి దాటి, సముద్రం దాటి, ఇన్ని దేశాలు తిరిగిన మాటను ఎవరూ ‘గాలోడు’ అనలేదు. తిరిగిన మాటకు గౌరవం దక్కింది, తిరిగిన మనిషికి తిట్టు దక్కింది.

హిందీ, ఉర్దూలలో ‘గాలీ’ అనే మాట ఉంది. దాని అర్థం తిట్టు. సంస్కృతంలోనూ ‘గాలి’ అంటే తిట్టే. మన ‘గాలి’కీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. పైన చెప్పినట్టు ఉత్త పోలిక మాత్రమే. భాషాశాస్త్రంలో రెండూ వేరు. కానీ మన పిల్లల బతుకులో రెండూ ఒకటయిపోయాయి.

ఊపిరి, ప్రాణం, ఉసురు

లోకంలో చాలా జాతులు గాలిని, ఊపిరిని, ప్రాణాన్ని ఒకే మాటతోనో దగ్గరి మాటలతోనో చెప్పుకున్నాయి. సంస్కృతంలో ‘అన్’ అంటే ఊపిరి తీయడం. దాని నుంచే ‘ప్రాణం’, ‘అనిలం’. అదే వేరు నుంచి లాటిన్‌లో ‘అనిమా’, అంటే ప్రాణం. దాని నుంచి ఇంగ్లీషు ‘యానిమల్’. అంటే జంతువు అని తీసిపారేసే మాటకు అసలు అర్థం ఊపిరి ఉన్నది అని. హీబ్రూలో ‘రూహ్’ అంటే గాలి, ఊపిరి, ఆత్మ మూడూ. అరబ్బీలో ఆత్మ ‘రూహ్’, గాలి ‘రీహ్’.

మన కుటుంబంలోనూ అట్లాంటి మాట ఉంది. కన్నడంలో ‘ఉసిరు’ అంటే ఊపిరి. తమిళంలో ‘ఉయిర్’ అంటే ప్రాణం. తెలుగులో ‘ఉసురు’ అంటే ప్రాణమే. కానీ మన ఊళ్ళలో ‘ఉసురు’ ఇంకో పని చేస్తుంది. అన్యాయం జరిగిన మనిషి నోరు తెరిచి శాపం పెట్టనక్కర లేదు. ‘వాళ్ళ ఉసురు తగులుతుంది’ అంటారు. కోర్టుకు పోలేనివాడి ఊపిరికి కూడా బలం ఉందని నమ్మిన మాట అది.

మా తాతల ఊపిరి గురించి ఒక్క సంగతి చెబుతాం. పైరులో ఎలుకలు పడితే రైతులు యానాదులను పిలిచేవాళ్ళు. మావాళ్ళు చిల్లి పెట్టిన కుండలో గడ్డి కుక్కి, నిప్పు పెట్టి, కుండ మూతిని ఎలుక బొక్కకు ఆనించి, చిల్లి దగ్గర నోరు పెట్టి ఊదేవాళ్ళు. పొగ లోపలికి పోతే ఎలుకలు బయటికి వచ్చేవి, లేదా లోపలే చచ్చేవి. బొక్క తవ్వితే ఎలుకలు దాచిన గింజలూ దొరికేవి. పొగ ఎదురు తిరిగితే పెదవులు కాలేవి, రొమ్ములు మండేవి. రైతు ఇంటికి చేరిన గింజల్లో కొన్ని మా తాతల ఊపిరితో మిగిలినవే. గాలోళ్ళు అంటే నిజానికి అది కావాలి అర్థం.

దేవుడైన గాలి, దయ్యమైన గాలి

పులివెందుల దాటి వేంపల్లె వైపు పోతే పాపఘ్ని నది కొండలను చీల్చుకుని వచ్చే చోట గండి క్షేత్రం ఉంది. వాయుదేవుడు అక్కడ తపస్సు చేశాడని, రాముడికి స్వాగతంగా రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడని, రాముడు బాణంతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడని స్థలపురాణం. ఆ తోరణం అందరికీ కనబడదని, కనబడినవాడికి కాలం దగ్గరపడినట్టేనని చెప్పుకుంటారు. గవర్నరు థామస్ మన్రోకు అది కనబడిందని కూడా జనం చెప్పుకుంటారు. మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పురాణం ఎట్లా ఉన్నా, కొండల నడుమ సందులో గాలి గట్టిగా వీచడం నిజం. అటు పెన్నా చీల్చుకున్న గండికోటలోనూ అంతే. ‘గండి’ అంటేనే తెగిన చోటు, సందు. ఆ గాలిని రోజూ ఒంటికి తగిలించుకున్న జనమే దాన్ని దేవుణ్ణి చేసుకుని ఉంటారు.

శ్రీకాళహస్తిలో శివుడు వాయులింగం. గాలి దూరని గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుందని, అదే వాయువుకు గుర్తు అని చెబుతారు. ఆ వాయులింగానికి కన్ను పెకలించి ఇచ్చినవాడు ఎవరు? తిన్నడు, వేటగాడు, అడవి మనిషి. పన్నెండో శతాబ్దపు తమిళ పెరియపురాణంలోనూ, తెలుగులో ధూర్జటి కావ్యంలోనూ అతని కథ ఉంది. గాలిదేవుడి గుడిలో ఆదివాసి భక్తులకు మొదటివాడు. గుడి బయట అదే ఆదివాసి గాలోడు.

గాలికి ఇంకో ముఖం దయ్యం. పిల్లవాడికి జ్వరం వస్తే ‘గాలి సోకింది’ అంటారు. దీన్ని మూఢనమ్మకం అని, చదువు లేనివాళ్ళ మాట అని నవ్వుతారు. నవ్వేవాళ్ళు ‘మలేరియా’ అనే మాట విప్పి చూడాలి. ఇటాలియన్ భాషలో ‘మలా ఆరియా’ అంటే చెడ్డ గాలి. ఐరోపా వైద్యులు కూడా వందల ఏళ్ళు, చిత్తడి నేలల మీది చెడ్డ గాలి వల్లే ఆ జ్వరం వస్తుందని నమ్మారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాకే అది దోమకాటు జ్వరమని తేలే దారి పడింది. గాలి తప్పు లేదని మన తెలుగు నేల మీదే రుజువయింది. పేరు మాత్రం ఈనాటికీ చెడ్డగాలి అనే ఉంది. కాబట్టి గూడెంలో అవ్వ గాలి సోకింది అంటే నవ్వకండి. “అవ్వా, తెల్లవాళ్ళ డాక్టర్లూ అట్లే అనుకున్నారు. తర్వాత దోమ అని తెలిసింది. బిడ్డకు రక్తపరీక్ష చేయిద్దాం రా” అని చెప్పండి. నవ్వితే అవ్వ ఆసుపత్రికి రాదు, మర్యాదగా చెబితే వస్తుంది.

గాలోడు ఎట్లా పుట్టాడు

గాలిమాట, గాలికబురు, గాలిమేడ, గాలితిరుగుడు. నిలకడ లేనిదాన్ని గాలితో పోల్చడం మన భాష ఒక్కదానిలోనే లేదు. సంస్కృతంలో ‘వాతూలుడు’ అంటే పిచ్చివాడు. కాబట్టి పోలిక తప్పు కాదు. ఆ పోలికను కొన్ని కులాల మీద, కొన్ని జాతుల మీద శాశ్వతంగా అతికించడమే తప్పు. ఆ అతికింపుకు చరిత్ర ఉంది, తేదీలు కూడా ఉన్నాయి.

రోడ్లూ రైళ్ళూ రాకముందు ఈ సీమలో ఉప్పు, ధాన్యం మోసింది ఎవరు? సుగాలీలు ఎద్దుల మీద, ఎరుకలవాళ్ళు గాడిదల మీద తీరం నుంచి పైనాటికి, పైనాటి నుంచి తీరానికి మోశారు. ఊరూరూ తిరగడమే వాళ్ళ వృత్తి. వాళ్ళు రాకపోతే కూరలో ఉప్పు లేదు. అప్పుడు ఆ తిరుగుడు ఊరికి అవసరం. తర్వాత మద్రాసు రైలు మార్గం కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. ఉప్పు రైలెక్కింది. ఎద్దుల బిడారుకు పని పోయింది.

అదే 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త జాతుల చట్టం చేసింది. మొదట ఉత్తరాది రాష్ట్రాల్లో అమలు చేసి, 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడా తెచ్చింది. ఆ చట్టం కింద ఒక జాతిని నేరస్తమని ప్రకటిస్తే అందులో పుట్టినవాడి పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. నేరం చేయనక్కర లేదు, పుడితే చాలు. ఎరుకలవాళ్ళ కోసం 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతిలో స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టారు. నెల్లూరు జిల్లా కప్పరాళ్ళతిప్పలో మా యానాదులను కూడా అట్లాగే పెట్టారు. నిన్నటిదాకా వృత్తి అయిన తిరుగుడు ఆ చట్టంతో నేరమయింది. ఊరివాళ్ళు నోటితో అనే ‘గాలోడు’కు సర్కారు ముద్ర పడింది.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లో ఎత్తేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. 1956లో ఎరుకల, యానాది, సుగాలీల పేర్లు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరాయి. రిజిస్టరు పోయింది, హాజరు పోయింది. తిట్టు మాత్రం పోలేదు. చట్టాన్ని రద్దు చేయడానికి ఒక్క రోజు చాలు. మాటలోంచి దాన్ని తీయడానికి తరాలు పడుతుంది. ఆ పని చట్టసభలో జరగదు, బడిలో జరగాలి.

ఒకే గాలికి రెండు పీటలు

ఇంకో సంగతి గమనించండి. గౌరవం కావాల్సిన చోట మన భాష వాయువును పిలుస్తుంది. వాయుదేవుడు, వాయుసేన, ప్రాణవాయువు. చులకన కావాల్సిన చోట గాలిని పిలుస్తుంది. వస్తువు ఒకటే, పీటలు రెండు. దీనికి ఒక మంచి మినహాయింపు ఉంది. గుడిలో అన్నిటికంటే ఎత్తుగా నిలిచేది గాలిగోపురం. దాన్ని ఎవరూ వాయుగోపురం అనలేదు. పంట నూర్చాక గింజనూ పొట్టునూ వేరు చేసేదీ గాలే. గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలి అని రైతులంటారు. పైరగాలి, చల్లగాలి అన్నప్పుడు ఎవరికీ చులకన లేదు. అంటే గాలి అనే మాటలో మచ్చ లేదు. మచ్చ వాడేవాడి చూపులో ఉంది.

ఈ రెండు పీటల వల్ల నష్టం కూడా ఉంది. బడిలో రేడియో పెట్టి ‘వాయుగుండం తీవ్రరూపం దాల్చింది’ అని వినిపిస్తే మా పిల్లలు గ్రహం పేరు అనుకున్నారు. ‘పెద్ద గాలివాన వస్తుంది, ఏటి గట్టున ఉండొద్దు’ అంటే ఏటి గట్టున గుడిసెలు వేసుకున్న మావాళ్ళకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. 1981లో పార్లమెంటు చేసిన వాయు కాలుష్య చట్టం సంగతీ అంతే. తెలుగులో మొదటి శాసనం దొరికిన కలమళ్ళ దగ్గరే 1994 నుంచి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం నడుస్తోంది. ఇప్పుడు దాని సామర్థ్యం 1,650 మెగావాట్లు. బొగ్గు కాల్చే చోట బూడిద ఉంటుంది, పొగ ఉంటుంది. ఆ చుట్టుపక్కల పిల్లలకు ‘వాయు కాలుష్యం’ అనేది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ‘మన గాలి బాగుందా’ అంటే అది వాళ్ళ రొమ్ములకు సంబంధించిన ప్రశ్న. చట్టం హక్కు ఇచ్చింది. ఆ హక్కు మన మాటలో చెబితేనే మనం అడగగలం.

మనం చేయగలిగిన పని

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు వాళ్ళ భాషలో పుస్తకాలు రాశాడు. ఆయన సవర నిఘంటువు 1938లో అచ్చయింది. కడపలో 1820లో ఉద్యోగానికి వచ్చిన బ్రౌన్ దొర తెలుగు నేర్చుకుని 1852లో నిఘంటువు అచ్చువేశాడు. బయటినుంచి వచ్చినవాళ్ళు అంత పని చేశారు. ఇంట్లో పుట్టిన మనం ఒక్క నోటుబుక్కు నింపలేమా?

ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఇది. గాలి, నీరు, నిప్పు, నేల, ఆకాశం. ఈ అయిదు మాటలు చాలు. నోటుబుక్కులో గీతలు గీసి తెలుగు, గోర్ బోలీ, ఎరుకల, ఉర్దూ అని పేర్లు రాయించండి. పిల్లలు ఇంటికి పోయి అవ్వనూ తాతనూ అడిగి రాసుకుని రావాలి. పలికింది పలికినట్టే రాయించండి, దిద్దకండి. ఏ మాటకు ఏ మాట చుట్టమో పిల్లలనే వెతకమనండి. పోలికకూ చుట్టరికానికీ తేడా అప్పుడు చెప్పండి. అవ్వ మాట బడి పుస్తకంలో ఎక్కిన రోజు ఆ పిల్లవాడు వెనక బెంచీ నుంచి ముందుకు వస్తాడు.

యువతకు ఒక మాట. మిమ్మల్ని ఎవరైనా గాలోడు అంటే రెండు తిట్లు తిరిగి తిట్టడం తేలిక. ఆ మాట కన్నడం, తమిళం, కొలామీలతో కలిసి ఎంత దూరం నుంచి వచ్చిందో చెప్పండి. ఉప్పు మోసిన ఎద్దుల గురించి చెప్పండి. 1871 గురించి, 1952 గురించి చెప్పండి. తెలిసినవాడి ముందు తిట్టు చిన్నబోతుంది.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్ద తరగతుల్లో ఉండి ఉంటాడు. ఎక్కడున్నాడో మాకు తెలియదు. ఆ రోజు మేము కొట్టేయించిన వాక్యం మళ్ళీ మా ముందుకొస్తే ఈసారి ఎర్ర ఇంకు వాడం. దాని కింద ఇంకో వాక్యం రాయమంటాం: ‘గాలి లేకపోతే ఎవరూ బతకరు.’